ఐస్‌గేట్ డ్యూటీ కాలిక్యులేటర్‌ను నమ్మి సరుకు తెప్పించవచ్చా?

బేగంబజార్‌లోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో హోల్‌సేల్‌గా కొని అమ్ముకునేవాళ్లు ఏదో ఒక రోజు "చైనా నుంచి మనమే నేరుగా తెప్పిస్తే ఎంత పడుతుంది?" అని లెక్క మొదలుపెడతారు. ఆ లెక్కకు ప్రభుత్వమే ఇచ్చిన సాధనం కస్టమ్స్ శాఖ పోర్టల్ ఐస్‌గేట్‌లోని డ్యూటీ కాలిక్యులేటర్. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. సుంకం రేట్ల వరకు దీన్ని మించింది లేదు. కానీ అది చూపించిన అంకెను పట్టుకుని అమ్మకం ధర కడితే మాత్రం ఇబ్బంది పడతారు. సుంకం ఎంతో అది చెబుతుంది, సరుకు అసలు వస్తుందా రాదా అన్నది చెప్పదు. దేని మీద సుంకం వెయ్యాలో కూడా మీరే చెప్పాలి.

వాడడం కష్టమేమీ కాదు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే అంకెలు), సరుకు పుట్టిన దేశం, తేదీ ఇస్తే ఆ కోడ్ మీద ఉన్న పన్నుల వరుస వస్తుంది: బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, కొన్నింటికి వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు, ఆఖరున ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ). మీరు విలువ వేస్తే మొత్తం కట్టి చూపిస్తుంది.

కోడ్ బదులు పేరుతో వెతికే వీలూ ఉంది గానీ ఆ జోలికి వెళ్లకపోవడం మేలు. 'బాటిల్' అని కొడితే ప్లాస్టిక్‌ది, గాజుది, స్టీలుది, ఫ్లాస్కు అన్నీ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. వాటిలో మీది ఏదో తేల్చేది పేరు కాదు. ఏ పదార్థంతో చేశారు, దేనికి వాడతారు అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. సప్లయర్ ఇన్వాయిస్ మీద వేసిన కోడ్‌ను అలాగే దించుకోవడం ఇంకో పొరపాటు. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, తర్వాతివి ఏ దేశానికి ఆ దేశం పెట్టుకున్నవి. మన దగ్గర ఎనిమిది అంకెలు ఉండాలి. చైనా వాళ్ల పది అంకెల కోడ్‌లో చివరివి ఇక్కడ పనికిరావు. పైగా ఆ ఆరు అంకెలూ వాళ్ల ఎగుమతి రాయితీకి అనుకూలంగా వేసుకున్నవి కావచ్చు.

ఒక లెక్క వేద్దాం. నీళ్లు తాగే మామూలు గాజు గ్లాసులు, కోడ్ 7013 37 00. వంటింటి, భోజనాల బల్ల గాజు సామాన్ల మీద బేసిక్ డ్యూటీని 2020 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతానికి పెంచారు. ఐజీఎస్టీ 18. ఒక్కోటి డాలర్ చొప్పున 1,200 గ్లాసులు, డాలర్ 90 రూపాయలు అనుకుందాం. ఎఫ్‌ఓబీ విలువ (చైనా రేవులో ఓడ ఎక్కేదాకా అయిన ధర) 1,08,000. ఓడ కిరాయి 18,000, ఇన్సూరెన్స్ 1,215. మూడూ కలిపి 1,27,215. సుంకం లెక్కించాల్సిన విలువ ఇదే.

దీని మీద 20 శాతం బేసిక్ డ్యూటీ 25,443. సర్‌ఛార్జి 2,544. ఐజీఎస్టీని సరుకు విలువ మీద మాత్రమే వెయ్యరు, ఈ రెండూ కలిపాక వచ్చిన 1,55,202 మీద వేస్తారు. అది 27,936. మొత్తం కట్టాల్సింది 55,924 రూపాయలు, అంటే విలువలో 43.96 శాతం. "20 ప్లస్ 18, ముప్పై ఎనిమిది" అని నోటిలెక్క వేసుకున్నవాళ్లకు దాదాపు ఆరు శాతం తేడా వచ్చేది ఇక్కడే. బేసిక్ డ్యూటీ 10 శాతం ఉన్న సరుకైతే ఇదే పద్ధతిలో 30.98 వస్తుంది.

ఇంతవరకు కాలిక్యులేటర్ పైసలతో సహా సరిగ్గా చేస్తుంది. కానీ ఈ 55,924లో ఖర్చు ఎంత, తిరిగొచ్చేది ఎంత అన్నది అది విడదీయదు. రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఐజీఎస్టీ 27,936 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు అమ్మేటప్పుడు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. బిల్ ఆఫ్ ఎంట్రీలో (సరుకు విడిపించడానికి కస్టమ్స్‌కు వేసే పత్రం) మీ జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉంటే అది జీఎస్టీఆర్-2బీలో, అంటే మీ క్రెడిట్ల నెలవారీ జాబితాలో కనిపిస్తుంది. నిజమైన ఖర్చు మిగతా 27,987, అంటే గ్లాసుకు 23 రూపాయల 32 పైసలు. కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు మాత్రం ఆ క్రెడిట్ లేదు, మొత్తం 55,924 వాళ్ల మీదే పడుతుంది. ఒకే సరుకు, ఒకే ఓడ, పక్కపక్క దుకాణాలకు గ్లాసుకు 23 రూపాయల తేడా. దిగుమతి చేసి పోటీ ధరకు అమ్మాలంటే కాంపొజిషన్‌లో గిట్టుబాటు కావడం కష్టం. క్రెడిట్ వచ్చేవాళ్లు కూడా సరుకు అమ్ముడయ్యేదాకా ఆ డబ్బు ఇరుక్కుని ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

ఇక విలువ గడి. కాలిక్యులేటర్‌లో అదొక ఖాళీ పెట్టె, అక్కడ చాలామంది ఇన్వాయిస్ మొత్తం వేసేస్తారు. కస్టమ్స్ చూసేది మన రేవుకు చేరేసరికి అయిన విలువ. సప్లయర్ 'ఎక్స్ వర్క్స్' ధర ఇచ్చి ఉంటే ఫ్యాక్టరీ గేటు నుంచి చైనా రేవుదాకా లారీ ఖర్చు, అక్కడి ఎగుమతి ఖర్చులు కూడా కలపాలి. ఓడ కిరాయికి కాగితం చూపకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం అనుకుని లెక్కిస్తారు. పై ఉదాహరణలో అది 21,600 అవుతుంది. నిజంగా కట్టిన 18,000కు రసీదు లేనందుకు 3,600 అదనపు విలువ మీద సుమారు 1,580 రూపాయలు పన్ను. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే 1.125 శాతం కలుపుతారు, పై లెక్కలో వేసింది అదే. విమానంలో తెస్తే ఒక వెసులుబాటు ఉంది: కిరాయి ఎంతైనా ఎఫ్‌ఓబీలో 20 శాతం దాకానే విలువలో కలుపుతారు. 60,000 కిరాయి కట్టినా సుంకం లెక్కకు 21,600 మాత్రమే. కొన్ని పాత వ్యాసాల్లో కనిపించే 1 శాతం ల్యాండింగ్ ఛార్జీ 2017లోనే పోయింది.

డాలర్ రేటు కూడా మీ బ్యాంకు ఇచ్చింది కాదు, కస్టమ్స్ ప్రకటించేది. అది ఐస్‌గేట్‌లోనే దొరుకుతుంది, బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజుది వర్తిస్తుంది. సుంకం రేటు మాత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీ, ఓడకు ఎంట్రీ ఇన్వర్డ్ (సరుకు దించే అనుమతి) ఇచ్చిన తేదీ, ఈ రెండింట్లో ఏది తర్వాతిదైతే దాన్నిబట్టి. జనవరి ఆఖర్లో సముద్రం మీదున్న సరుకుకు ముందే బిల్ వేసేసినా ఫిబ్రవరి 1 బడ్జెట్ తగులుతుంది. బొమ్మల మీద డ్యూటీ 2020లో 20 నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది బడ్జెట్‌లోనే. దారిలో ఉన్న కంటైనర్లకు మినహాయింపేమీ లేదు. అందుకే కాలిక్యులేటర్‌లో తేదీ మార్చి చూసినంత మాత్రాన రేపటి రేటు తెలియదు.

రేటు పక్కన నోటిఫికేషన్ నంబర్, సీరియల్ నంబర్ కనిపిస్తాయి. చాలామంది వాటిని దాటేస్తారు, అసలు చూడాల్సింది అక్కడే. చట్టంలోని టారిఫ్ రేటు ఒకటి, మినహాయింపు నోటిఫికేషన్ ద్వారా తగ్గిన రేటు ఇంకొకటి. మినహాయింపుకు షరతు ఉంటే, దాన్ని మీరు తీరుస్తారో లేదో కాలిక్యులేటర్‌కు తెలియదు. ఏళ్ల తరబడి అందరూ చెప్పుకున్న 50/2017 నోటిఫికేషన్ స్థానంలో 2025 నవంబర్ 1 నుంచి 45/2025 వచ్చింది. మీ కస్టమ్స్ బ్రోకర్ (మీ తరఫున బిల్ వేసే ఏజెంటు) చెక్‌లిస్టులో ఇంకా పాత నంబరే కనిపిస్తే ఆగి అడగండి. ఐజీఎస్టీ వైపు 2025 సెప్టెంబర్ 22న చాలా సరుకులకు 12, 28 శ్లాబులు పోయాయి. అంతకుముందు దాచుకున్న లెక్కల షీట్లు ఇప్పుడు పనికిరావు.

కాలిక్యులేటర్ మీద పెద్ద అభ్యంతరం యాంటీ డంపింగ్ సుంకం (విదేశీ సరుకును మరీ చవగ్గా దించకుండా వేసే అదనపు సుంకం) దగ్గర. అది కోడ్ ఒక్కదాన్ని చూసి తేలేది కాదు. దేశం, తయారీదారు, వస్తువు వర్ణన కలిపి చదవాలి. వాక్యూమ్ ఫ్లాస్కులే తీసుకోండి. ఆన్‌లైన్‌లో తిరిగి అమ్మేవాళ్లకు ఇష్టమైన సరుకు. చైనా ఫ్లాస్కుల మీద 2025 మార్చిలో టన్నుకు 1,732 డాలర్ల యాంటీ డంపింగ్ సుంకం వేశారు. కిలోకు 1.73 డాలర్లు. 400 గ్రాముల ఫ్లాస్కుకు 69 సెంట్లు, మన లెక్కలో 62 రూపాయలు. మూడు డాలర్ల ఫ్లాస్కు మీద బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి కలిపినా దాదాపు అంతే. అంటే సుంకం ఖర్చు రెట్టింపు. దీని మీద సర్‌ఛార్జి పడదు గానీ ఐజీఎస్టీ పడుతుంది. బరువును బట్టి వేసే సుంకం కాబట్టి చవక రకం, బరువైన ఫ్లాస్కుకే ఎక్కువ దెబ్బ. శాతాల్లో ఆలోచించేవాళ్లకు ఇది తట్టదు. దానికితోడు ఇంటి వాడకపు ఫ్లాస్కులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి.

నిజానికి సుంకం కన్నా ముందు చూడాల్సింది ఆ ధ్రువీకరణే. దానికి ఐస్‌గేట్ కిందే ఇంకో సాధనం ఉంది: కంప్లయన్స్ ఇన్ఫర్మేషన్ పోర్టల్, 2021లో వచ్చింది. కోడ్ ఇస్తే ఆ సరుకుకు ఏయే శాఖల అనుమతులు కావాలో చూపిస్తుంది. కాలిక్యులేటర్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు, రావాల్సింది దీనికే. పవర్ బ్యాంకులు, మొబైల్ ఛార్జర్లు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్ స్పీకర్లు, స్మార్ట్ వాచీలకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్లూటూత్ ఉంటే వైర్‌లెస్ అనుమతి కూడా కావాలి. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఇక్కడ చాలామందికి అర్థం కానిది ఒకటుంది: ఈ లైసెన్స్ దిగుమతిదారు వెళ్లి తెచ్చుకునేది కాదు, విదేశంలోని ఆ ఫ్యాక్టరీ పేరు మీద ఉండాలి. సప్లయర్ పంపే 'సీఈ' సర్టిఫికెట్ యూరప్‌కు, మన కస్టమ్స్‌లో దానికి విలువ లేదు. 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తే బీఐఎస్ సైటులో ఆ నంబర్ కొట్టి ఫ్యాక్టరీ చిరునామా, బ్రాండు, మోడల్ మూడూ మీ ఇన్వాయిస్‌తో సరిపోతున్నాయా చూడాలి. నంబర్ నిజమైనదే అయ్యుండి మోడల్ వేరైనా సరుకు ఆగిపోతుంది. ఆగితే డ్యూటీ కట్టి విడిపించుకునే దారి ఉండదు, తిప్పి పంపాలి లేదా ధ్వంసం చేయాలి. రోజులు గడిచేకొద్దీ గోదాము అద్దె మాత్రం మీ ఖాతాలో పెరుగుతూనే ఉంటుంది.

రిటైల్ ప్యాకింగ్‌లో వచ్చే ప్రతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ, పరిమాణం, నెల, సంవత్సరం, ఫిర్యాదులకు ఫోన్ నంబర్ ఉండాలి. స్టిక్కర్ డిజైన్ చేసి సప్లయర్‌కు పంపితే ఫ్యాక్టరీలోనే చవగ్గా అతికిస్తారు. ఆ పని ఇక్కడ పెట్టుకుంటే కూలీ, ఆలస్యం రెండూ.

దేశం గడి గురించి గల్ఫ్‌తో సంబంధాలున్న మనవాళ్లకు ఒక మాట. యూఏఈతో వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. కాలిక్యులేటర్‌లో యూఏఈ ఎంచుకుంటే కొన్ని సరుకుల రేటు ఊరించేలా తగ్గుతుంది. కానీ అక్కడ అడిగేది పుట్టిన దేశం, కొన్న దేశం కాదు. దుబాయ్ డ్రాగన్ మార్ట్‌లో కొన్న చైనా సామాను చైనా సామానే. రాయితీకి ఒరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబర్ నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి, ఐదేళ్లు దాచాలి.

ఇక కాలిక్యులేటర్ పరిధిలో లేనివి. పై గ్లాసుల్లాంటి చిన్న సరుకు ఉమ్మడి కంటైనర్‌లో వస్తుంది. చైనా వైపు కిరాయి నమ్మలేనంత తక్కువ చెబుతారు. మిగతా డబ్బు ఇక్కడ డెలివరీ ఆర్డర్, టెర్మినల్ హ్యాండ్లింగ్, గోదాము ఛార్జీల పేరుతో వసూలవుతుంది. బుకింగ్ ముందే 'డెస్టినేషన్ ఛార్జీలు' వరుసవారీగా రాతపూర్వకంగా తీసుకోవాలి. అవి, బ్రోకర్ ఫీజు, లారీ కలిపి 24,000 అనుకుంటే, పగిలిపోయేవి నాలుగు శాతం తీసేస్తే, అమ్మడానికి మిగిలేది 1,152 గ్లాసులు. ఒక్కోటి 155 రూపాయల 56 పైసలు పడింది. డాలర్ గ్లాసు, తొంభై రూపాయలు అనుకుని మొదలైన లెక్క తడిసి మోపెడై ఇక్కడ తేలింది.

ఆలస్యం ఖర్చు వేరే. సముద్రం మీద వచ్చే సరుకుకు ఓడ చేరే రోజుకు ముందు రోజే బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి (పొరుగు దేశాల నుంచి వచ్చేవాటికి, విమాన సరుకుకు చేరిన రోజు దాకా గడువు). తప్పితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000. లక్ష రూపాయల సరుకుకు వారం ఆలస్యమైతే 55,000. సుంకానికి సుంకం అక్కడే పోయింది. అసెస్‌మెంట్ అయ్యాక మరుసటి పనిదినంలోగా సుంకం కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. 2020 నుంచి ఫేస్‌లెస్ పద్ధతి కాబట్టి మీ బిల్లును చూసే అధికారి వేరే ఊర్లో ఉంటారు. ప్రశ్న వస్తే ఆన్‌లైన్‌లోనే, సమాధానమూ అక్కడే. క్యాటలాగ్, పదార్థం వివరాలు, డబ్బు పంపిన బ్యాంకు కాగితం ముందే సిద్ధంగా పెట్టుకున్నవాళ్లకు పని త్వరగా అవుతుంది.

ఇదంతా చూసి "కిలోకు ఇంత, డ్యూటీతో కలిపి ఇంటికే" అనే ఏజెంట్ల వైపు వెళ్లేవాళ్లు ఎక్కువ. అక్కడ సరుకు వేరేవాళ్ల ఐఈసీ (దిగుమతి, ఎగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) మీద వస్తుంది. మీ పేరుతో బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండదు, ఐజీఎస్టీ క్రెడిట్ రాదు, రేపు తనిఖీకి వస్తే చూపించడానికి దిగుమతి కాగితమే లేదు. మీరు బ్యాంకు ద్వారా సప్లయర్‌కు డబ్బు పంపి ఉంటే ఆ చెల్లింపుకు ఎదురుగా మీ ఐఈసీ మీద బిల్ ఆఫ్ ఎంట్రీ కోసం బ్యాంకు ఎదురుచూస్తుంది. అది ఎప్పటికీ రాదు. తర్వాతి చెల్లింపు దగ్గర బ్యాంకు పట్టుకుంటుంది. 500 రూపాయల ఫీజుతో వచ్చే ఐఈసీ కోసం ఇంత చిక్కు అనవసరం. దాన్ని ఏటా ఏప్రిల్–జూన్ మధ్య అప్‌డేట్ చేయాలి, మర్చిపోతే డీయాక్టివేట్ అవుతుంది.

కొరియర్ దారి చట్టబద్ధమే, శాంపిళ్లకు, తేలికైన ఖరీదైన వస్తువులకు బాగుంటుంది. కాకపోతే 60, 40, 40 సెంటీమీటర్ల పెట్టె ఆరు కిలోలే తూగినా కొరియర్‌కు 19.2 కిలోలు (ఘనపరిమాణాన్ని 5,000తో భాగిస్తారు). బుక్ చేసేటప్పుడే ఐఈసీ, జీఎస్టీ నంబర్ ఇచ్చి వాణిజ్య దిగుమతి అని చెప్పాలి. ఆధార్ ఇచ్చేస్తే వ్యక్తిగత సరుకుగా పోతుంది, దాన్ని అమ్మకూడదు, క్రెడిట్ ఉండదు. 'గిఫ్ట్' అని రాయించే పాత చిట్కాకు 5,000 రూపాయల మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు.

మార్కులు వెయ్యాలంటే, ఎనిమిది అంకెల కోడ్ ఖాయంగా తెలిసినవాళ్లకు కాలిక్యులేటర్ ఐదుకు నాలుగు, తెలియనివాళ్లకు రెండు. కంప్లయన్స్ పోర్టల్‌కు నాలుగున్నర. సొంతంగా బిల్ వేసే ప్రయత్నం మొదటి రెండు మూడు దిగుమతులకు వద్దు, లైసెన్స్ ఉన్న బ్రోకర్‌కే ఇవ్వండి. ఆయన బిల్ సబ్మిట్ చేసేముందు చెక్‌లిస్టు పంపుతారు. వాట్సాప్‌లో "ఓకే" కొట్టేముందు దాన్ని మీ కాలిక్యులేటర్ పేజీతో పక్కపక్కన పెట్టి చూడండి: జీఎస్టీ నంబర్, కోడ్, నోటిఫికేషన్ సీరియల్, ఎఫ్‌ఓబీయా ఎక్స్ వర్క్సా, ఓడ కిరాయి దగ్గర అసలు అంకె ఉందా లేక 20 శాతం పడిందా, పరిమాణం ముక్కల్లో ఉందా కిలోల్లో ఉందా. సబ్మిట్ కాకముందు ఇవి మార్చడం రెండు నిమిషాల పని. అయ్యాక కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద సవరణకు అర్జీ పెట్టుకోవాలి.